నీరు నిలిచిన చోటే ఛాసిస్ చచ్చింది: 22 ఏళ్ల పికప్ ట్రక్కు తుప్పు కేసు

ఈ బండి నా దగ్గరికి తుప్పు గురించి రాలేదు. ఎడమ తలుపు సరిగ్గా పడటం లేదని వచ్చింది. "రెండుసార్లు గట్టిగా కొడితే గానీ మూతపడటం లేదండీ. హింజ్ పిన్నులు మారిస్తే చాలు" అన్నారు ఓనరు. వాళ్ల నాన్నగారు కొన్న బండి. 22 ఏళ్లుగా పొలం పనులకీ, ఎరువుల బస్తాలు మోయడానికీ తిరుగుతోంది. ఇంజిన్ శబ్దం వింటే ఇంకో పదేళ్లకు ఢోకా లేదనిపిస్తుంది. పెయింటు కూడా మూడేళ్ల కిందటే వేయించారట, నిగనిగలాడుతోంది.

తలుపు పట్టుకుని పైకీ కిందికీ ఊపాను. హింజ్‌లో లూజు లేదు. నాలుగడుగులు వెనక్కి జరిగి బండిని పక్కనుంచి చూశాను. క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య ఉండే సందు కింద రెండు వేళ్లు పడుతోంది, పైన ఒక్క వేలు కూడా దూరడం లేదు. కుడి పక్కకు వెళ్లి చూస్తే అక్కడ పైనుంచి కింది దాకా ఒకటే సందు. అంటే తలుపుకు ఏమీ కాలేదు. క్యాబిన్ ఎడమ వెనక మూల కిందికి దిగింది. దాన్ని మోస్తున్న మౌంటు, అంటే క్యాబిన్‌ను ఆనించి బోల్టుతో బిగించే దిమ్మె, కూలితే తప్ప మూల అలా దిగదు. ఆ మౌంటును మోసేది ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఉక్కు చట్రం.

"బండిని ఒకసారి పైకెత్తి చూడాలండీ" అన్నాను. ఆయనకు అనుమానం వచ్చింది, తలుపు పనికి బండిని ఎత్తడం ఏమిటని. మీరూ పక్కన ఉండి చూడండి అని పిలిచాను. తుప్పు కేసుల్లో నేను తప్పకుండా పాటించే పద్ధతి ఇది. కింద ఏముందో ఓనరు తన కళ్లతో చూడాలి. తర్వాత తీసుకోబోయే నిర్ణయం ఆయనది కాబట్టి.

సుత్తి చెప్పిన మాట

ఈ రకం ట్రక్కులకు నిచ్చెనలాంటి ఛాసిస్ ఉంటుంది. రెండు పక్కలా పొడవుగా రెండు దూలాలు, మధ్యలో మెట్ల మాదిరి క్రాస్ మెంబర్లు. ఈ బండికి ముందు నుంచి క్యాబిన్ చివరి దాకా దూలం నాలుగు వైపులా మూసిన పెట్టె ఆకారం. అక్కడి నుంచి వెనక్కి ఒక పక్క తెరిచి ఉండే సీ ఛానల్. సీ ఛానల్ తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది. పెట్టె లోపలి నుంచి తుప్పు పడుతుంది, బయటికి కనిపించేసరికి పని అయిపోయి ఉంటుంది.

చిన్న సుత్తి తీసుకుని ముందు నుంచి కొట్టుకుంటూ వచ్చాను. ఇంజిన్ కింద ఖంగు ఖంగుమని మోగింది. ఇంజిన్ నుంచి ఏళ్ల తరబడి కారిన ఆయిలే ఆ భాగాన్ని కాపాడింది, చాలా పాత బండ్లలో ఇలాగే ఉంటుంది. డ్రైవర్ సీటు దాటాక శబ్దం మారడం మొదలైంది. క్యాబిన్ వెనక మౌంటు దగ్గరికి వచ్చేసరికి తడి గోడను కొట్టినట్టు మొద్దుగా వచ్చింది. రెండో దెబ్బకు అరచేతి వెడల్పు పెచ్చు ఊడి కింద పడింది. వంచితే పొరలు పొరలుగా విడిపోయింది, లెక్కపెడితే ఏడెనిమిది పొరలున్నాయి.

నా దగ్గర పనిచేసే కుర్రాడు ఆ పక్కనే స్క్రూడ్రైవర్‌తో గీకుతున్నాడు. "అన్నా, ఇది లోపలికి దిగిపోయింది" అన్నాడు. వెళ్లి చూస్తే పిడి దాకా దిగింది. వెనక్కి లాగితే ఆ రంధ్రంలోంచి తడి మట్టి జారింది. ఆ మట్టిలో గడ్డి వేర్లున్నాయి. తర్వాత ఆ ఒక్క దూలంలోంచి తీసిన మట్టితో బకెట్టు నిండింది.

ఇక్కడే ఎందుకు పోయిందన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. వెనక యాక్సిల్ మీదుగా వెళ్లడానికి దూలం పైకి వంగుతుంది. ఆ వంపు మొదలయ్యే ముందు భాగమే దూలం మొత్తంలో పల్లం. ముందు చక్రాలు చిమ్మిన బురద కంపెనీ వదిలిన రంధ్రాల్లోంచి లోపలికి వెళ్లి, జారుకుంటూ వచ్చి ఇక్కడ ఆగుతుంది. నీరు పోవడానికి అడుగున రెండు రంధ్రాలున్నాయి, రెండూ మట్టితో బిగుసుకుపోయాయి. పైగా ఎడమ పక్కే ఇంత ఎక్కువగా ఎందుకంటే, బండి రోజూ ఆగే చోట నేల ఎడమకు వాలుగా ఉంటుందని ఓనరును అడిగితే తెలిసింది. తొట్టిలో పడిన నీరంతా ఆ పక్కకే చేరి, ముందు మూల సందులోంచి సరిగ్గా ఈ మౌంటు మీదే కారుతోంది. ఆ నీటిలో ఏముంది? ఆయన ఎక్కువగా మోసేది పొటాష్. అంటే పొటాషియం క్లోరైడ్. ఇనుము విషయంలో సముద్రపు ఉప్పు చేసే పనే ఇదీ చేస్తుంది. చిరిగిన బస్తాలోంచి రాలిన పొడి గాల్లో తేమ ఎక్కువైన రోజున తానే నీరు పీల్చుకుని తడిగా మారుతుంది. వాన పడకపోయినా ఇనుము తడిసినట్టే. క్లోరైడ్ ఖర్చయిపోయేది కాదు. కడిగితే తప్ప అక్కడే ఉండి మళ్లీ మళ్లీ అదే పని చేస్తుంది.

అదే చోట ఎప్పుడో ఎవరో వేసిన ప్యాచ్ కూడా దొరికింది. తుప్పు పట్టిన దూలాన్ని శుభ్రం చేయకుండా పైనుంచి 3 మి.మీ. ప్లేటు పెట్టి, అక్కడక్కడ వెల్డింగ్ చుక్కలు వేసి, మీద నల్లటి రబ్బరు కోటింగ్ పూశారు. చుక్కకూ చుక్కకూ మధ్య ప్లేటు బయటికి ఉబ్బి ఉంది. ఇనుము తుప్పుగా మారితే కనీసం రెండు రెట్ల చోటు ఆక్రమిస్తుంది, నీరు కలిసిన రకాలైతే ఆరు రెట్ల దాకా కూడా. ఇరుక్కున్న తుప్పుకు ఉక్కు ప్లేటును వంచేంత బలం ఉంటుంది. పైగా రెండు రేకుల మధ్య ఇరుకులో చేరిన నీటిలో ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది, బయటి అంచుకు మాత్రం అందుతూనే ఉంటుంది. ఈ తేడా చిన్న బ్యాటరీలా పనిచేసి లోపలి లోహాన్ని కరిగిస్తుంది. ఆ ప్యాచ్ వేయకుండా వదిలేసి ఉంటే ఈ దూలం ఇంకొన్నేళ్లు బతికేదని నేను నమ్ముతున్నాను. బలం కోసం వేసిన ప్లేటు నీటికి గూడు కట్టి ఇచ్చింది.

ఉంచాలా, వదిలేయాలా

మౌంటు సంగతి తేలకముందే ఇంకోటి బయటపడింది. ఇంజిన్ స్టార్ట్ చేసి బ్రేక్ పెడల్ గట్టిగా తొక్కమని ఓనరుకు చెప్పి, నేను టార్చితో బ్రేక్ పైపు వెంట చూసుకుంటూ వెళ్లాను. పెట్రోలు ట్యాంకు పక్కన క్లిప్పు పట్టుకున్న చోట పైపు చెమర్చి ఉంది. క్లిప్పు తీస్తే పైపు అక్కడ పెన్సిల్ ములుకులా సన్నబడింది. క్లిప్పుకూ పైపుకూ మధ్య చేరిన బురదే కారణం. రెండు రోజుల కిందట ఆయన ఈ బండి మీద టన్నుకు దగ్గరగా లోడు తెచ్చారు. ఆ మాట విన్నాక నాకు గుండె జారింది. తాళం చెవి తీసి నా దగ్గరే పెట్టుకున్నాను. బండి ఉంచుకోవాలో వద్దో తర్వాత ఆలోచిద్దాం, ఈ స్థితిలో మాత్రం రోడ్డెక్కకూడదని చెప్పేశాను. ఆయన ఒప్పుకున్నారు.

తర్వాత రెండు రోజులు కొలతలకే పట్టాయి. అల్ట్రాసోనిక్ మందం మీటరు తుప్పు మీద పెడితే అబద్ధం చెబుతుంది. కొలిచే ప్రతి చోటా రూపాయి బిళ్లంత మేర మెరిసే లోహం వచ్చేదాకా గ్రైండ్ చేసి, జెల్ రాసి, అప్పుడు చదవాలి. బాగున్న చోట 3.0 మి.మీ. వచ్చింది. దాన్ని అసలు మందంగా తీసుకున్నాను. ఎడమ పల్లంలో 1.4, 1.1, ఆ తర్వాత రీడింగే లేదు. కుడి పక్క అదే చోట 2.6. వెనక సీ ఛానల్ రెండు పక్కలా 2.7కు తగ్గలేదు. ఎడమ కమాను, అంటే వెనక బరువు మోసే స్ప్రింగ్ పట్టీల కట్ట, ముందు చివరను దూలానికి పట్టి ఉంచే హ్యాంగర్ బ్రాకెట్ చెద తిన్న కర్రలా ఉంది.

మూడో వంతుకు మించి మందం పోతే ఆ ముక్కను కోసేయడమే నా పద్ధతి. గుంటలు పడిన లోహాన్ని పైపైన నింపి బలం వచ్చిందనుకోవడం నాకు నచ్చదు. అయితే కోసి వేయడానికి కూడా హద్దుంది. స్టీరింగ్ బాక్స్ బిగించిన చోటో, ముందు సస్పెన్షన్ చేతులు పట్టుకున్న చోటో ఇలా పోయి ఉంటే నేను వెల్డింగ్ మాటే ఎత్తను. ఛాసిస్ మొత్తం మార్చాలి, లేదా బండిని వదిలేయాలి. తుప్పు రెండు దూలాల్లోనూ పొడవునా పాకితే కూడా అంతే. ఈ బండిలో జబ్బు ఒక మీటరు లోపు మేరలో, ఒకే పక్క, స్పష్టమైన కారణంతో ఉంది. రెండు చివర్లా వెల్డు పట్టుకోవడానికి 2.8 మి.మీ. లోహం దొరుకుతోంది. అందుకే బాగు చేయవచ్చన్నాను.

ఆయన వెంటనే సరే అనలేదు. "అంత ప్రమాదమా? ప్లేటు వేస్తే పోదా?" అని అడిగారు. అప్పుడు టకోమా సంగతి చెప్పాను. 2008లో టొయోటా అమెరికాలో 1995 నుంచి 2000 దాకా తయారైన టకోమా ట్రక్కుల ఛాసిస్ తుప్పుకు వారంటీని 15 ఏళ్లకు పొడిగించింది. బాగా తినేసిన బండ్లకు ప్లేటు వేసి పంపలేదు, వాటిని తిరిగి కొనుక్కుంది. ఆ తర్వాతి తరం టకోమాలకు ఛాసిస్‌లే మార్చి ఇచ్చారు. బండి తయారు చేసినవాళ్లే ఛాసిస్ తుప్పును అంత తీవ్రంగా తీసుకున్నప్పుడు, నా చేతి ప్లేటును నేను తేలిగ్గా ఎలా తీసుకుంటాను? చేస్తే పూర్తిగా చేయాలి, క్యాబిన్ లేపి, తొట్టి దించి. మూడు రోజులు ఆలోచించుకుని ఫోన్ చేశారు. "నాన్న బండి అండీ. చేయండి" అన్నారు.

విప్పడం

తొట్టిని పట్టుకున్న బోల్టులు ఎనిమిది. వారం ముందు నుంచే రోజూ ఉదయం సాయంత్రం ఆటోమేటిక్ గేర్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి వాటి మీద చుక్కలు వేశాం. అసిటోన్ మంటకు దగ్గరైతే భగ్గుమంటుంది కాబట్టి ఇలా తడిపిన బోల్టును వేడి చేయకూడదు. ఆయిల్‌కు లొంగినవి ఐదు. మిగిలిన మూడింటిని బాగా తుడిచి, ఆరనిచ్చి, మరుసటి రోజు నట్టును ఎర్రగా కాల్చి చల్లారుతుండగా తిప్పితే రెండు వచ్చాయి. ఒకదాన్ని కోసేశాం. పాత బోల్టు తిరగనప్పుడు పైపు తొడిగి బలం పెట్టడం కన్నా కొంచెం బిగించి, కొంచెం విప్పి, మళ్లీ బిగించడం మేలు. తెగే ముందు బోల్టు చేతికి మెత్తగా అనిపిస్తుంది, అప్పుడే ఆగాలి.

విప్పిన చిన్న బ్రాకెట్లను వాషింగ్ సోడా కలిపిన నీళ్లలో ఉంచి కరెంటు పద్ధతిలో శుభ్రం చేశాం. బ్యాటరీ ఛార్జరు మైనస్ తుప్పు ముక్కకు, ప్లస్ పనికిరాని ఇనుప ప్లేటుకు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ఎప్పుడూ పెట్టకూడదు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లలోంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఈ పని ఆరుబయటే. కమాను బోల్టుల్లాంటి గట్టి ఉక్కును మాత్రం ఈ నీళ్లలోనూ, యాసిడ్‌లోనూ వేయను. హైడ్రోజన్ లోపలికి ఇంకి ఉక్కు పెళుసుబారుతుంది, బిగించాక ఎప్పుడో పుటుక్కున తెగుతుంది. వాటి చోట కొత్తవే.

లైట్లు ఆర్పి చూశాం

దూలం మీద పెచ్చులన్నీ సూదుల గుత్తితో కొట్టే నీడిల్ స్కేలర్‌తో రాల్చి, తర్వాత గార్నెట్ అనే గట్టి రాతి పొడిని గాలి ఒత్తిడితో చిమ్మి బ్లాస్టింగ్ చేశాం. మామూలు ఇసుక వాడను. దాని దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే జబ్బుకు మందు లేదు. మా పనిలో ఈ విషయంలో అశ్రద్ధ ఎక్కువ, అందుకే మళ్లీ చెబుతున్నాను. వైర్ కప్ బ్రష్ వాడేటప్పుడు కూడా కళ్లద్దాల మీద ముఖానికి పూర్తి షీల్డు ఉండాలి. ఊడిన తీగ ముక్క సూదిలా దూసుకొస్తుంది.

బ్లాస్టింగ్ అయ్యాక దూలం బూడిద రంగులో, కొత్తదానిలా కనిపించింది. కుర్రాడు సంతోషపడ్డాడు. నేను చిన్న ఎల్‌ఈడీ దీపాన్ని తాడుకు కట్టి పెట్టె దూలం లోపలికి జార్చి, షెడ్డులో లైట్లన్నీ ఆర్పించాను. మేం కోయాలని సుద్దతో గీసిన గీతకు అవతల, బాగుందనుకున్న భాగంలో, సూది మొనంత వెలుతురు చుక్కలు కనిపించాయి. ఇద్దరం చేత్తో తడుముతూ లెక్కపెట్టాం. 17. మీటరు ఆ పక్కనే 2.3 చూపించింది. గుంట అడుగున ఎంత మిగిలిందో మీటరుకు తెలియదు, అది పట్టుకున్న చోట వెనక గోడ ఎంత దూరమో చెబుతుంది, అంతే. కోసే గీత 14 సెంటీమీటర్లు వెనక్కి జరిగింది.

కోయడం, అతకడం

కోసే ముందు ఛాసిస్‌ను ఆరు చోట్ల స్టాండ్ల మీద మట్టంగా కూర్చోబెట్టాం. ఎదురెదురు మూలల మధ్య కొలతలు తీసి గోడ మీదే రాశాను. కోయబోయే ఖాళీకి అటూ ఇటూ మందపాటి యాంగిల్ ముక్కలు తాత్కాలికంగా వెల్డ్ చేసి దూలాన్ని పట్టి ఉంచాం. ఇవి లేకుండా కోస్తే దూలం లోపలి ఒత్తిడి విడుదలై రెండు మి.మీ. జరిగినా, కమాన్లు వాలుగా కూర్చుని బండి ఎప్పటికీ ఒక పక్కకు లాగుతుంది. బ్యాటరీ తీసేశాం, ట్యాంకు దించి దూరంగా పెట్టాం. షెడ్డులో ఉన్న బ్రేక్ క్లీనర్ డబ్బాలు కూడా తీసేయించాను. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ తడి మీద వెల్డింగ్ వెలుగు, వేడి తగిలితే ఫాస్జీన్ పుడుతుంది, కొద్దిగా పీల్చినా ప్రాణం మీదికి వస్తుంది.

కొత్త ముక్కను 3 మి.మీ. మెత్తటి ఉక్కు ప్లేటుతో రెండు సగాలుగా వంచి చేశాం. అసలు కంటే మందం పెట్టమని చాలామంది అంటారు. నేను పెట్టను. దూలం లోడు కింద కొద్దిగా వంగి లేచే వస్తువు. మధ్యలో ఒక ముక్క బిర్రుగా ఉంటే ఆ వంపంతా దాని అంచు మీద పడి, కొన్ని నెలలకు వెల్డు పక్కన పగులుతుంది. అతుకు కూడా నిలువుగా, దూలానికి అడ్డంగా ఉండకూడదు. రెండు చివర్లా ఏటవాలుగా కోసి, అంచులు చెక్కి, లోపల సన్నటి పట్టీ పెట్టి అతికాం. బయటి నుంచి వజ్రం ఆకారంలో కోసిన ప్లేటు వేసి, దాని మొనలకు కొంచెం ముందే వెల్డు ఆపాం. పై రెక్క, కింది రెక్క అంచుల మీద వెల్డు అసలు వేయలేదు. బరువుకు ఎక్కువగా గుంజుకునేవి అవే, అక్కడ చిన్న గాటు పడినా పగులు మొదలవుతుంది.

వెల్డింగ్ మిగ్‌తో (తీగను తానే అందించే వెల్డింగ్ యంత్రం), ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ వాయువుల మిశ్రమంతో. అసలు పని ముట్టుకునే ముందు అదే మందం ముక్కలు రెండు అతికి, బెంచి మీద పట్టి సుత్తితో వంచి చూశాను. మొదటి ముక్క వెల్డు దగ్గరే విడిపోయింది, వేడి చాలలేదు. కరెంటు పెంచి చేసిన రెండోది వంగింది గానీ విడలేదు. ఆ సెట్టింగుతోనే మొదలుపెట్టాను. మూడు సెంటీమీటర్ల చొప్పున ఒకసారి ఇటు, ఒకసారి అటు, మధ్యలో చెయ్యి పెట్టగలిగేంత చల్లారనిచ్చి. ఒక్క పక్క అతకడానికి పూట పట్టింది. చివర్లో మూలల కొలత గోడ మీద రాసినదానికి 1 మి.మీ. తేడాలో ఉంది.

కమాను హ్యాంగర్ కంపెనీ రివెట్లతో ఉంది. తలలు గ్రైండ్ చేసి, రివెట్లను డ్రిల్ చేసి తీసి, రంధ్రాలను నున్నగా సైజుకు తెచ్చే రీమర్‌తో సరిచేసి, కొత్త హ్యాంగర్‌ను ఎక్కువ బలముండే 10.9 గ్రేడు బోల్టులతో బిగించాం. బోల్టు రంధ్రంలో చేతితో జారేలా ఉంటే లాభం లేదు, తట్టి దించాల్సినంత బిగువుండాలి. రివెట్ రంధ్రాన్ని నింపుతుంది, బోల్టు దాని పని చేయాలంటే ఇదే దారి.

బ్రేక్ పైపులు పూర్తిగా కొత్తవి. ఉక్కువి కాకుండా 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్ ఉండే 4.75 మి.మీ. పైపు వేశాను. తుప్పు పట్టదు, చేత్తోనే వంగుతుంది. చివర్లు డబుల్ ఫ్లేర్, అంటే అంచును రెండు మడతలుగా వెడల్పు చేసినవి.

నేను పొరబడిన చోటు

కుడి వెనక మౌంటు దగ్గర మీటరు 2.6 చూపిందని చెప్పాను కదా. బయట శుభ్రం చేసి, దీపం పెట్టి చూశాం, చుక్క వెలుతురు లేదు. బాగుందని వదిలేశాను. పని దాదాపు అయ్యాక క్యాబిన్ దించి, నాలుగు మౌంట్ల బోల్టులు బిగిస్తుంటే కుడి వెనకది బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంది. ఒక్కసారిగా టప్పుమని క్యాబిన్ నేల అర అంగుళం పైకి లేచింది. ఛాసిస్ వైపు బాగానే ఉంది. క్యాబిన్ నేలకూ దాని లోపలి బలపు రేకుకూ మధ్య, నట్టును పట్టుకుని ఉండే చిన్న పంజరం పూర్తిగా తుప్పుపట్టిపోయింది. నా కళ్లన్నీ ఛాసిస్ మీదే ఉండి, బోల్టుకు రెండో చివర ఏముందో చూడలేదు. తివాచీ లేపి ఒక్క సుత్తి దెబ్బ వేసి ఉంటే ముందే తెలిసేది. సీటు మళ్లీ విప్పి, నేల కోసి, కొత్త పంజరం, కొత్త బలపు రేకు వేయడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ రోజులు ఓనరు ఖాతాలో వేయలేదు. అప్పటి నుంచి నా తనిఖీ కాగితంలో ప్రతి మౌంటుకూ రెండు గడులు పెట్టాను, కింద ఒకటి, పైన ఒకటి.

క్యాబిన్ మూలలు, తొట్టి

మూడేళ్ల కిందటి పెయింటు కింద ఏముందో ఈ లోపు తేలింది. ఎడమ క్యాబిన్ మూలకు అయస్కాంతం పెడితే అంటుకోలేదు. గీకితే పుట్టీ, దాని కింద ఫైబర్, దాని కింద నలిపి కుక్కిన పేపర్లు. ఆ పేపరు తడిని పట్టుకుని, మిగిలిన రేకును కూడా తినిపించింది. పెయింటు మీద పొక్కులు లేస్తే తుప్పు బయటినుంచి వచ్చిందనుకుంటారు. మూలల్లో, చక్రం పైఅంచుల్లో, తలుపు కిందుండే పెట్టె భాగంలో వచ్చే పొక్కు ఎక్కువసార్లు లోపలి నుంచి రేకును తొలుచుకుని వచ్చినదే. గీకి పుట్టీ పెడితే ఏడాది తిరక్కుండానే మళ్లీ లేస్తుంది.

ఇక్కడ రేకు 0.8 మి.మీ. ఛాసిస్‌కు చేసినట్టు మూడేసి సెంటీమీటర్లు వెల్డింగ్ లాగితే రేకు అలలు తిరిగిపోతుంది. ఒక్కో చుక్క, దానికి దూరంగా ఇంకో చుక్క, మధ్యలో గాలి కొట్టడం, అలా చుక్కలన్నీ కలిసేదాకా. తొట్టి నేల గురించి పెద్దగా చెప్పడానికి లేదు, గాడుల అడుగున పొటాష్ నిలిచిన చోట జల్లెడలా ఉంది, ఆ భాగం కోసి కొత్త రేకు వేశాం. చెప్పాల్సింది ముందు మూల సందు గురించి. దాన్ని సీలర్‌తో మూసి, తొట్టి వెనక చివర రెండు పక్కలా నీరు నేరుగా నేల మీద పడేలా చిన్న గొట్టాలు పెట్టాం. మొత్తం పనిలో ఈ దూలాన్ని ఎక్కువ కాలం కాపాడేది ఆ రెండు గొట్టాలేనని ఓనరుకు చూపించి మరీ చెప్పాను.

పూత

బ్లాస్ట్ చేసిన ఉక్కు కొన్ని గంటల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. పొటాష్ తిన్న లోహాన్ని ముందు మంచినీళ్లతో బాగా కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టి, మళ్లీ తేలిగ్గా బ్లాస్ట్ చేశాం. క్లోరైడ్ గుంటల్లో మిగిలితే ఎంత ఖరీదైన పెయింటు వేసినా అడుగు నుంచి లేపేస్తుంది. ప్రైమర్ వేసే రోజు పొద్దున్నే వాతావరణం చూసుకుంటాను. లోహం ఉష్ణోగ్రత, మంచు పట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. లేకపోతే కంటికి కనిపించని తడి మీద పూసినట్టే.

బ్లాస్ట్ చేసిన లోహం మీద ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు, అతుకుల మీద సీలర్, పైన గట్టి ఛాసిస్ పెయింటు. తుప్పును నల్లగా మార్చే కన్వర్టరును బ్లాస్టింగ్ అందని మూలల్లో మాత్రమే వాడాను. అందులోని టానిక్ యాసిడ్, ఫాస్ఫారిక్ యాసిడ్ సన్నటి పొరను మాత్రమే మార్చగలవు. పెచ్చు మీద పూస్తే పై పొర నల్లబడుతుంది, కింద తుప్పు అలాగే ఉంటుంది.

పెట్టె దూలం లోపలికి పొడవాటి గొట్టానికి అన్ని వైపులా చిమ్మే ముక్కు పెట్టి, ముందు ఎపాక్సీ, అది ఆరాక క్యావిటీ వ్యాక్స్, అంటే లోపలి ఖాళీలకు పూసే మైనం, కొట్టాం. అడుగు రంధ్రాల్లోంచి వ్యాక్స్ కారేదాకా. ఆ రంధ్రాల్లో తీగ ఆడించి మూసుకుపోకుండా చూసుకున్నాం. కొత్త రంధ్రాలు వేయలేదు, లోడు మోసే రెక్కకు ఇష్టమొచ్చిన చోట రంధ్రం వేయకూడదు. నల్లటి రబ్బరు కోటింగ్ అడిగినా వేయలేదు. చూడ్డానికి బాగుంటుంది, చిన్న పగులు వచ్చాక నీటిని లోపల దాచిపెడుతుంది. వ్యాక్స్ మెత్తగా ఉంటుంది, గీసుకుంటే తానే పాకి మూసుకుంటుంది, ఏడాదికోసారి మళ్లీ కొట్టుకోవచ్చు.

ఏడాది తర్వాత

మొత్తం పనికి 11 వారాలు పట్టింది. ఎడమ తలుపు ఒక్క వేలితో తోస్తే మూతపడింది. హింజ్ పిన్నులు పాతవే. బండి ఇచ్చేటప్పుడు ఆయనకు చెప్పినవి రెండే. పొటాష్ దించిన ప్రతిసారీ తొట్టినీ, దూలం లోపలా పైపుతో కడగాలి. బండిని ఎడమకు వాలని చోట ఆపాలి.

సరిగ్గా ఏడాదికి తిరిగి తెచ్చారు. కెమెరా తీగను దూలంలోకి పంపి చూశాను. లోపల వ్యాక్స్ తేనె రంగులో నిండుగా ఉంది, మట్టి లేదు. సుత్తి ముందు నుంచి వెనక దాకా ఒకే శబ్దం చేసింది. తొట్టి విప్పకుండా అద్దం పెట్టి చూస్తే, ఎడమ వెనక తొట్టి దిమ్మె కింద వేసిన రబ్బరు ప్యాడు అంచున గోధుమ రంగు గీత కనిపించింది. ప్యాడు తీస్తే కింద తడి. రబ్బరు బల్లపరుపుగా ఉండటంతో నీరు పోవడానికి దారి లేక అక్కడే ఉంటోంది. లోహం ఇంకా తినలేదు, పెయింటు అంచు మాత్రమే లేచింది. ఆ మేరకు గ్రైండ్ చేసి, ఎపాక్సీ పూసి, ఎనిమిది ప్యాడ్లకూ అడుగున గాడులు కోసి మళ్లీ బిగించాను. ఆ ఒక్క చోటును ఆరు నెలల్లో మళ్లీ చూడాలని ఓనరు ఫోన్‌లో తేదీ పెట్టించాను, నా గోడ మీద కూడా రాసుకున్నాను.